పప్పుకట్టు నుంచి సంగటి దాకా: మా పాప తిండి డైరీ

మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. కాన్పు ముందురోజు దాకా ఆఫీసుకు వెళ్ళింది కాబట్టి ఇరవై ఆరు వారాల సెలవూ పాపతోనే గడిచింది. సెలవు అయిపోవడం, పాపకు ఆరు నెలలు నిండడం ఒకే వారంలో వచ్చి పడ్డాయి. నాది ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం. దాంతో పగటిపూట పాపకు తిండి పెట్టే పని నాకు వచ్చింది. నాకు వంట రాదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం వచ్చు. ఏం వేశాం, ఎంత వేశాం, ఏమైంది అని రాసుకుంటూ పోతే ఎక్కడ తప్పుతున్నామో ఎప్పటికైనా దొరుకుతుందని నాన్న వాడిన పాత పద్దుల పుస్తకం ఒకటి తీశాను. అందులో నాలుగు గడులు గీశాను: చేసింది, ఎంత, లోపలికి పోయింది, గోడకు పోయింది.

మదనపల్లెలో ఇంట్లో ఉండేది అయిదుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, అమ్మ వాళ్ళమ్మ అవ్వ, పాప. అవ్వకు ఎనభై దాటాయి, నోట్లో నాలుగు పళ్ళు మిగిలాయి. పాపకు ఇంకా ఒక్కటీ రాలేదు.

1వ రోజు. బరువు 7.1 కిలోలు

ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన చేయాలి, అయిదో నెలలోనే చేసేద్దాం అని అమ్మ నెల కిందటే మొదలుపెట్టింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను ఇద్దరికీ ఒకటే లెక్క చూపించాను: ఆరు నిండితే నడిచేది ఏడో నెల, ఏడు బేసి సంఖ్య. అమ్మ సరేనంది. డాక్టరమ్మ నవ్వింది.

పాయసంలో చక్కెర ఉంది. ఏడాది లోపు చక్కెర, ఉప్పు వద్దన్నారు. అందుకని ఉంగరం అంచుతో పెదవికి అంటించి ఊరుకున్నాం, గిన్నె ఖాళీ చేసే బాధ్యత మేం తీసుకున్నాం. పుస్తకం, పెన్ను, గొలుసు, నోట్లు, పువ్వులు వరసగా పెడితే పాప వాటన్నిటినీ దాటుకుని చాప అంచు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

అసలు పరీక్ష సాయంత్రం. మెడ నిలుస్తోంది, దిండు ఆనిస్తే కూర్చుంటోంది, మేం తింటుంటే కంచంకేసి చూస్తూ నోరు ఆడిస్తోంది. చివరిది నాలుక. చిన్నపిల్లలు నోట్లో ఏది పెట్టినా నాలుకతో బయటికి నెట్టేస్తారు, అది తగ్గితేనే మింగడం వస్తుంది. పాలతో మెదిపిన అన్నం అర టీస్పూను పెట్టాను. సగం గడ్డం మీదికి వచ్చింది, సగం లోపలికి పోయింది. పుస్తకంలో మొదటి పద్దు: లోపలికి పావు టీస్పూను.

2 నుంచి 20

ఈ రోజుల గురించి పెద్దగా రాయడానికి లేదు. పొద్దున అన్నం గంజి, మధ్యాహ్నం పప్పుకట్టు, కొన్ని రోజులు ఉడికించిన యాపిల్, కొన్ని రోజులు క్యారెట్. కొత్తది ఏది పెట్టినా రెండు మూడు రోజులు అదే పెట్టి, ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు ఏమైనా వస్తాయేమో చూడటం. ఏమీ రాలేదు. రోజుకు పది పన్నెండు చెంచాలు హాయిగా తాగుతోంది. అవును, తాగుతోంది. ఆ మాట అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

పప్పుకట్టు తయారీలో నాకు చాలా గర్వంగా ఉండేది. పెసరపప్పు ఉడకబెట్టి, కదపకుండా పక్కన పెట్టి, పైన తేరిన నీళ్ళు గరిటెతో తీసి, ఆ తీసినదాన్ని మళ్ళీ టీ జల్లెడలో వడకట్టి పోసేవాణ్ణి. పైనున్నదంతా పాపకు, అడుగున మిగిలిన పప్పుకు పోపు పెట్టుకుని మాకు. బలమంతా నీళ్ళలోకి దిగుతుందని మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల నాలుగిళ్ళలోనూ నమ్మకం.

అవ్వ ఒక రోజు తొంగి చూసి, "ఏందిరా ఇది, కుండ కడిగిన నీళ్ళు పోస్తావుండావా బిడ్డకి?" అంది. నేను పట్టించుకోలేదు.

29వ రోజు. బరువు 7.2

నెలకు నూరు గ్రాములు పెరిగింది. ఈ వయసులో మూడు వందలకు అటూ ఇటూ పెరగాలి.

డాక్టరమ్మకు పుస్తకం చూపించాను. ఇంత శ్రద్ధగా రాసే తండ్రిని చూడలేదు అంటుందేమో అని లోపల ఆశ. ఆమె పుస్తకం చూడలేదు. ఫ్లాస్కులో తెచ్చిన పప్పుకట్టు ఒక చెంచాలోకి తీసుకుని పక్కకు వంచింది. టేబుల్ మీద పెట్టిన కాగితం మీదికి మొత్తం కారిపోయింది. "చెంచా వంచినా జారకుండా నిలబడాలి. అది తిండి. ఇది నీళ్ళు."

తర్వాత రెండు అంకెలు చెప్పింది. పసిపిల్లల పొట్టలో కిలో బరువుకు 30 మి.లీ. పడుతుంది. మా పాపకైతే ఒక పూటకు 210 మి.లీ. దాకా, అంటే ఒక గ్లాసు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకు తల్లిపాలు కాక పై తిండి నుంచి రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు అందాలి. ఆ చిన్న సంచీలో నీళ్ళు నింపితే పాలకూ చోటు ఉండదు, తిండికీ చోటు ఉండదు.

పుట్టినప్పుడు ఒంట్లో దాచుకుని వచ్చిన ఇనుము కూడా ఆరు నెలలకు దాదాపు అయిపోతుందట. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. చుక్కల మందు రాసిచ్చింది.

29వ రోజు, రాత్రి

నిద్ర పట్టలేదు. పాప పడుకున్నాక వంటింట్లోకి వెళ్ళి ఒక పరీక్ష చేశాను. అలవాటైన మోతాదులోనే పప్పుకట్టు చేసి, 50 మి.లీ. కొలిచి స్టీలు పళ్ళెంలో పోసి, సన్నటి మంట మీద పెట్టి కూర్చున్నాను. నీరంతా ఇగిరేసరికి పావుగంట పైన పట్టింది. పళ్ళెం అడుగున లేత పసుపు రంగు పొర, తామర రేకులా పల్చగా, అంచుల్లో కొద్దిగా పగిలి పైకి లేచింది. చాకుతో గీకి అవ్వ మందులు తూచే చిన్న కాటాలో వేస్తే ఒక గ్రాము. రెండోసారి చేస్తే గ్రాముకు కాస్త పైన.

ఒక గ్రాము పప్పులో ఉండేది మూడున్నర కిలోక్యాలరీలు. నేను రోజుకు పోస్తున్నది 100 మి.లీ. దగ్గర. అంటే ఏడు. కావలసింది 200, నేను ఇస్తున్నది ఏడు. గంజి కలిపినా ఇరవై దాటదు. నెల రోజులుగా పోపు పెట్టుకుని తిన్నది పాప తిండి.

మా ఆవిడను లేపి చెప్పాను. "రేపటి నుంచి అడుగుది పాపకు, పైది మనకు" అని మళ్ళీ పడుకుంది.

30 నుంచి 36

అన్నం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి, గరిటె వెనకతో మెదిపి, ఒక టీస్పూను నెయ్యి. అయిదు గ్రాముల నెయ్యిలో 45 కిలోక్యాలరీలు ఉంటాయి, ఆ లెక్కన దాదాపు వారం రోజుల పప్పుకట్టు బలం ఒక్క చెంచాలో ఉంది. చెంచా వంచాను, జారలేదు. పరీక్ష పాసయ్యాను.

పాప పాస్ కాలేదు. ముద్ద అంగిట్లో అతుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి, ఓక్ అని మొత్తం బయటికి. రెండో చెంచాకు మూతి బిగించింది. వారం రోజులు ఇదే. లోపలికి పోయింది అన్న గడిలో రోజుకు రెండు, మూడు టీస్పూన్లు. నీళ్ళు కలిపి పల్చన చేస్తే తాగుతుంది, కానీ మళ్ళీ అదే లెక్క. చిక్కగా ఉంటే మింగలేదు, పల్చగా ఉంటే అందులో ఏమీ లేదు. ఉద్యోగంలో ఇలాంటి పరిస్థితి వస్తే మేనేజర్‌కు మెయిల్ పెట్టి తప్పుకోవచ్చు.

37వ రోజు

మేనేజర్ అవ్వే అయింది. "మీ అమ్మ ఏం తిని పెరిగిందనుకుంటా ఉండావు? మొలక రాగులు. పిండి ఎంతన్నా వెయ్యి, జావ గట్టిపడదు" అంది.

రాగి ముద్ద తిని పెరిగిన ఊరు మాది. నీళ్ళలో రాగిపిండి వేస్తే గట్టిపడుతుందని పసిపిల్లలకూ తెలుసు, గట్టిపడకపోతే అది సంగటి ఎలా అవుతుంది? ఆవిడ మాట నమ్మలేదు. అయినా ఒక కిలో తెచ్చాను. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మి.గ్రా. దాకా ఉంటుంది, బియ్యంలో పదికి మించదు. ఎటు చూసినా నష్టం లేదు.

38 నుంచి 41. మొదటి మూట: ఫెయిల్

చాటలో చెరిగి మట్టిబెడ్డలు ఏరడం అవ్వ పని. నాలుగు నీళ్ళు కడిగితే గానీ ఎర్రనీళ్ళు ఆగలేదు. రాత్రంతా నానబెట్టాను. పొద్దున వడకట్టి, తెలివిగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను, గుడ్డకు దుమ్ము అంటుతుందని. బయట ముసురు. మూడో రోజు మూత తీస్తే మొలకలతో పాటు పుల్లటి కంపు, అడుగున జిగురు, ఒక మూల తెల్లటి బూజు. కిలో రాగులూ చెత్తలోకి. గాలి ఆడని చోట తడి గింజ మురిగిపోతుంది. అవ్వ ఏమీ అనలేదు. బీరువాలోంచి తాత పాత పంచె తీసి మంచం మీద పెట్టింది.

43 నుంచి 48. రెండో మూట

పంచెలో మూట కట్టి కిటికీ కమ్మీకి వేలాడదీశాం. పూటకోసారి నీళ్ళు చిలకరించడం. ఒక రోజు గడిచేసరికి ఎర్రటి గింజకు సూదిమొనంత తెల్లటి ముక్కు. ఒకటిన్నర రోజుకు ఆ ముక్కు గింజంత పొడవైంది. మూట విప్పితే గింజలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గూడు కట్టినట్టు వచ్చాయి, తడి నేల వాసన. విడదీసి గుడ్డ మీద ఆరబోశాం. ఎండ వచ్చి పోయి, రెండు రోజులు పట్టింది. బాగా ఆరాక రెండు అరచేతుల మధ్య నలిపి చెరిగితే మొలకలు ఊడిపోయాయి. సన్నటి సెగ మీద దోరగా వేయించాం.

ఇంతా చేసి పిండి మిషన్ దగ్గర పోగొట్టుకున్నాను. ఆడించుకుని వచ్చి జావ కాచి, మొదటి చెంచా నేనే రుచి చూశాను, ముందు నాలుక మీద ఏమీ లేదు, తర్వాత గొంతులో సన్నగా మంట. నాకు ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకున్నారు. పాపకు పెట్టకముందే తెలిసింది, అదే అదృష్టం. మిషన్ ఆయన్ని అడిగితే, "ముందే చెప్పొద్దా సార్? ఒక శేరు బియ్యం పోసి ఆడిస్తే మిషన్ శుభ్రమవుద్ది, తర్వాత మీది వేస్తా" అన్నాడు. ఇది ఏ పుస్తకంలోనూ కనపడలేదు నాకు. పాప పిండి పట్టించేవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఎవరు ఏం ఆడించారో అడగండి.

ఆ పిండి వృథా కాలేదు. మేం దోసెలు పోసుకున్నాం. బాగున్నాయి.

55వ రోజు. మూడో మూట, రెండు గిన్నెలు

బియ్యం పోసి మిషన్ కడిగించి, ఆడించి, పల్చటి గుడ్డలో జల్లించిన పిండి చేతికి వచ్చింది. అవ్వ మాట తేల్చుకోవాలి. రెండు ఒకేలాంటి గిన్నెలు తీసుకున్నాను. రెండింటిలోనూ 100 మి.లీ. నీళ్ళు, 15 గ్రాముల పిండి. ఒకటి మామూలు రాగిపిండి, రెండోది మొలకల పిండి. చల్లటి నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, రెండు పొయ్యిల మీద ఒకేసారి సన్నటి సెగన పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి.

రెండు మూడు నిమిషాలకు రెండూ చిక్కబడటం మొదలైంది. ఎడమ గిన్నెలో మామూలు పిండి బుడగలు పేలుస్తూ గట్టిపడి, గరిటెకు బరువై, చివరికి గరిటె నిలబెడితే నిలబడింది. కుడి గిన్నెలో జావ చిక్కబడ్డట్టే పడి, వేడి పెరిగేకొద్దీ మళ్ళీ వదులైంది. నిజంగా కళ్ళ ముందే. గరిటె ఎత్తితే నూనెలా ధారగా జారింది. అదే నీళ్ళు, అదే పిండి, అదే మంట. ఎడమది సంగటికి తమ్ముడు, కుడిది తాగే జావ.

తర్వాత చదివి తెలుసుకున్నాను. గింజ మొలకెత్తేటప్పుడు తన పిండిని చక్కెరలుగా విడగొట్టుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. మన లాలాజలంలో ఉండేదీ అదే రకం. నీళ్ళు పట్టి ఉబ్బి జావను గట్టిపరిచే పొడవాటి పిండి గొలుసులను ఈ ఎంజైము ముక్కలు చేస్తుంది. అందువల్ల పిండి అంతే ఉన్నా జావ గట్టిపడదు. మొలకెత్తితే గింజలో ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు అనే పదార్థాలు కూడా తగ్గి ఇనుము ఒంటికి కాస్త బాగా పడుతుంది. వేయించేటప్పుడు మాడిస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఇక అది మామూలు పిండే. అవ్వ "దోరగా, దోరగా" అని పక్కన నిలబడి అరిచింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆమెకు అమైలేజ్ పేరు తెలియదు, మంట ఎంత పెట్టాలో తెలుసు.

డాక్టరమ్మ చెంచా పరీక్షలో ఈ జావ ఫెయిలవుతుంది. వంచితే కారుతుంది. కానీ ఇందులో 100 మి.లీ.కి 15 గ్రాముల పిండి ఉంది, నా పప్పుకట్టులో రెండు. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "పరీక్ష మామూలు పిండికి. మొలకల పిండికి మీ కాటానే పరీక్ష" అంది. ఆ మాట పద్దుల పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

ఒక చెంచా నెయ్యి వేసి, గోరువెచ్చగా పెట్టాను. 90 మి.లీ. తాగింది. గోడకు: సున్నా.

60వ రోజు. బరువు 7.5

ఇంకో ఉపాయం దొరికింది. చిక్కగా ఉడికిన పప్పన్నం, గోధుమరవ్వ ఏదైనా సరే, కాస్త వేడి తగ్గాక ఒక టీస్పూను మొలకల రాగిపిండి చల్లి కలిపితే నాలుగైదు నిమిషాల్లో వదులవుతుంది. పచ్చిపిండి కాబట్టి మళ్ళీ ఒక ఉడుకు రానివ్వాలి. అంగిట్లో అతుక్కునే పప్పన్నం ఇలా లోపలికి పోవడం మొదలుపెట్టింది.

64వ రోజు

పొద్దున డైపర్ మార్చబోతే నల్లగా, తారులాగా. మా ఆవిడకు ఆఫీసుకు ఫోన్, నాకు చెమటలు. నిజంగా టెన్షన్ పడ్డాను. డాక్టరమ్మ ఒకటే ప్రశ్న అడిగింది: "చుక్కల మందు వేస్తున్నారా?" ఇనుము మందు వేస్తే విరేచనం నల్లబడటం మామూలేనట. మందు రాసిచ్చిన రోజే ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. ఆ రోజు నేను పుస్తకం చూపించే హడావిడిలో ఉన్నాననుకోండి.

అప్పటి నుంచి పప్పులో ఒక టమాటా పడుతోంది. టమాటాలో ఉండే విటమిన్ సి పప్పులోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. టమాటా మార్కెట్టుకు పేరుపడ్డ ఊళ్ళో ఉండి ఇదొక్కటీ ఖర్చు లేని పని.

70 నుంచి 80. గుడ్డు, చెనక్కాయలు, ఒక తేనె సీసా

ఉడికించిన గుడ్డు. ముందు పచ్చసొనే పెట్టి ఏడాది దాటాక తెల్లసొన పెట్టాలని అమ్మ విన్న పాత పద్ధతి. ఇప్పుడు అలా ఆపమని చెప్పడం లేదు, బాగా ఉడికితే చాలు. పావు గుడ్డుతో మొదలుపెట్టాం.

చెనక్కాయల (వేరుశనగల) విషయంలో ఇంట్లో అందరికీ భయం. 2015లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన గురించి చదివాను. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి ఏడాది లోపే చెనక్కాయల తిండి మొదలుపెట్టి, సగం మందికి అయిదేళ్ళు అసలు పెట్టలేదు. అయిదేళ్ళకు చూస్తే తిన్నవాళ్ళలో అలర్జీ తిననివాళ్ళతో పోలిస్తే సుమారు అయిదో వంతే. దాచి పెట్టడమే కీడు చేసిందన్నమాట. ఒంటి మీద తీవ్రంగా ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మా పాపకు అది లేదు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, జావలో అర టీస్పూను కలిపాం. పొద్దున పూట, రోజంతా చూసుకునేలా. గింజగా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కాదు, గొంతుకు అడ్డం పడుతుంది. రాయలసీమలో పుట్టి చెనక్కాయ పడకపోతే పెళ్ళిళ్ళలో ఏం తింటుంది?

ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ సీసా నిండా తేనె తెచ్చింది, పాప నాలుకకు రాయమని. వద్దన్నాను. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ళ పేగులు తట్టుకుంటాయి, ఏడాది లోపు పిల్లల పేగులు తట్టుకోలేవు. "మీరంతా తేనె నాకే పెరిగినారు" అని పెద్దమ్మ చిన్నబుచ్చుకుంది. సీసా అటక మీద ఉంది, పాప మొదటి పుట్టినరోజు దాకా.

ఉప్పు గొడవ కూడా ఈ వారమే. "చప్పిడి కూడు ఎట్ల తింటాదిరా?" అని అవ్వ. పాపకు ఉప్పు రుచి తెలియదు, తెలియనిదాన్ని అడగదు. మూత్రపిండాలు ఇంకా లేతగా ఉంటాయి, ఉప్పు భారం మోయలేవు. ఇది అమ్మ ఒప్పుకుంది, అవ్వ ఒప్పుకోలేదు.

88వ రోజు. బరువు 7.9, కింద రెండు పళ్ళు

జావ బాగా పనిచేస్తోంది కదా అని అక్కడే ఆగిపోయాను. మూడు పూటలూ జావే, పప్పన్నమైనా మిక్సీలో వేసి జావే. డాక్టరమ్మ ఈసారి బరువు చూసి బాగుందంది, తిండి చూసి బాగాలేదంది. తొమ్మిదో నెల నడుస్తోంది, ఇప్పుడు నమలడం అలవాటు చేయకపోతే తర్వాత ముద్ద నోట్లో పెట్టనివ్వరట. మిక్సీ కట్.

91వ రోజు

ఇడ్లీ. చేతికి అందేలా వేలంత ముక్క ఇచ్చాను. రెండు చిగుళ్ళు, రెండు పళ్ళతో కొరికింది. తర్వాత ముఖం ఎర్రబడి, దగ్గి, ఓక్ అని. అమ్మ పరుగెత్తుకొచ్చి నోట్లో వేలు పెట్టబోయింది, నేను చేయి పట్టుకుని ఆపాను. ఇలాంటప్పుడు ఆగడం చాలా కష్టం. దగ్గుతోంది, శబ్దం వస్తోంది, అంటే గాలి ఆడుతోంది. వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోతుంది. పది సెకన్లలో తనే ముందుకు తెచ్చి, నమిలి, మింగింది. మాకు మాత్రం పది నిమిషాల దాకా గుండె దడ తగ్గలేదు.

భయపడాల్సింది శబ్దం లేకపోతే. ఏడుపు రాక, దగ్గు రాక, పెదాలు నీలంగా మారితే బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు రెక్కల మధ్య అయిదు దెబ్బలు, రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదు నొక్కులు, మళ్ళీ దెబ్బలు. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్. ఇంట్లో నలుగురం దిండు మీద సాధన చేశాం, అవ్వతో సహా. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేయకుండా ఇవ్వకూడదని ఫ్రిజ్ మీద కాగితం అంటించాను.

97 నుంచి 110

ఒక వారం పిండి రకం మార్చి చూశాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు తయారుచేసిన 'హైదరాబాద్ మిక్స్' ఒకటుంది: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, చెనక్కాయలు 10, బెల్లం 20. తిండి చాలక తగ్గిపోయిన పిల్లల కోసం చేసింది. బెల్లం తీసేసి మిగతా మూడూ అదే పాళ్ళలో ఆడించి, మొలకల రాగిపిండి ఒక చెంచా చల్లాను. రెండు రోజులు తిన్నది, మూడో రోజు మూతి తిప్పింది. పిల్లలు కొత్త రుచి ఒప్పుకోవడానికి చాలాసార్లు పెట్టి చూడాలంటారు. నాలుగో రోజు, ఆరో రోజు పెట్టాను. ఏడో రోజు గిన్నె ఖాళీ. కారణం రాసే గడి లేదు నా పుస్తకంలో.

తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా వేయించాం, విటమిన్ ఎ చుక్కలు కూడా. ఆ రెండు రోజులు జ్వరం, పాలు తప్ప ఏమీ ముట్టలేదు. బలవంతం చేయలేదు.

121వ రోజు. బరువు 8.5

రాత్రి మేం సంగటి తింటుంటే పాప నా ఒళ్ళోంచి జారి అవ్వ కంచం మీద పడింది. అవ్వ ముద్ద అంచు గిల్లి, ఉప్పు వేయని పప్పులో అద్ది చేతికిచ్చింది. సంగటిని పెద్దవాళ్ళం నమలం, మింగుతాం. పాప నమిలింది. చాలాసేపు, సీరియస్‌గా. మింగాక మళ్ళీ చెయ్యి చాపింది. 36వ రోజున అంగిట్లో అతుక్కుని కక్కించిన ముద్ద ఇదే చిక్కదనం.

128వ రోజు

ఆరో మూట కిటికీకి కట్టాను. ఈసారి రాగులు కిలో కాదు, కిలోన్నర. అవ్వకు మిగిలిన నాలుగు పళ్ళలో ఒకటి ఊడింది, సంగటి కూడా కష్టంగా ఉందంటోంది. అందుకని ఆమెకూ పొద్దున మొలకల జావే, ఒకే గిన్నెలో కాచి రెండు గ్లాసుల్లోకి. పద్దుల పుస్తకంలో ఆమెకూ ఒక గడి గీశాను. పాప గ్లాసు తీశాక ఆమెదాంట్లో ఉప్పు వేయాలి. బీపీ ఉంది కదా అని చిటికెడే వేస్తే, గ్లాసు తిరిగి నా చేతిలో పెట్టింది.